గుమ్మంలో అనకూడని మాట

రెండోగట్టు పురపాలక సంఘం
ఏడో వార్డు సభ్యురాలి దినచర్య

దశమి

పొద్దున్నే మూడు ఫిర్యాదులు. పడమటి సందులో కుళాయి తిప్పితే గాలి తప్ప నీళ్ళు రావడం లేదు. చేపల బజారు దగ్గర వీధి దీపం పగలంతా వెలిగి చీకటి పడగానే ఆరిపోతోంది. మూడోది అబ్బులుగారిది. ఎదురింటి కోడి రోజూ వచ్చి ఆయన మెట్ల మీదే రెట్ట వేస్తోందట. కోళ్ళు పురపాలక సంఘం కిందికి రావని చెప్పాను. “మరి నువ్వెందుకమ్మా మెంబరువి?” అన్నారు. ఉగాది నుంచి నన్ను నేను అడుగుతున్నదీ అదే.

నా తర్వాత చీటీ ఎవరింటికి వస్తుందో వాళ్ళకు పనికొస్తుందని ఈ దినచర్య రాయాలట. రూలు. మీరెవరో గానీ ముందే చెబుతున్నాను, ఇది నేను అడిగి తెచ్చుకున్న పదవి కాదు. ఉగాదినాడు తొమ్మిది వార్డులకూ తొమ్మిది చీటీలు తీశారు. ఏడో వార్డు చీటీలో మా ఇంటి నంబరు వచ్చింది. మా ఆయన పోతురాజు వార్డు వంటశాలలో వంటమనిషి, ఆయనకు తీరిక లేదు. నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, నాకూ తీరిక లేదు. ముందు నోరు విప్పి నావల్ల కాదన్నది ఆయన కాబట్టి మెంబర్ని నేనయ్యాను.

కుళాయి సంగతి నీళ్ళ సెక్షన్లో, దీపం సంగతి కరెంటు సెక్షన్లో చెప్పి వచ్చేసరికి మా ఆయన గంపెడు అన్నం ముందేసుకుని వంటశాల వెనకాల కూర్చుని ఉన్నాడు. రోజూ ఇదే భాగోతం. అన్నం మిగులుతుంది, పారబొయ్యడానికి ఆయనకు మనసొప్పదు, జీలకర్ర కలిపి వడియాలు పెడతాడు. వంటశాల మేడ మీద కాలు పెట్టడానికి చోటు లేదు, అన్నీ వడియాలే.

“లెక్క పెకారమే వండుతున్నానే. మడుసులుంటే ఇంత మిగులుద్దా?” అన్నాడు.

ఆ లెక్క గుమ్మం ఇస్తుంది. ప్రతి ఇంటి ద్వారబంధానికి ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. తెల్లారగానే అది “ఈ ఇంట్లో అందరూ ఉన్నారా?” అని అడుగుతుంది. పెట్టె అని ఎవరూ అనరు. గుమ్మం అడిగింది అంటారు, గుమ్మానికి చెప్పాం అంటారు. ఆ ఇంటి పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు తమ గొంతుతో జవాబు చెప్పాలి. ఎంతమంది ఉన్నారంటే వార్డుకు అన్ని నీళ్ళు వదులుతారు, అంత బియ్యం కొలుస్తారు, ఆరోగ్య కేంద్రానికి అన్ని మందులు పంపుతారు. వరదొస్తే ఎవరిని వెతకాలో, ఎవరిని వెతకక్కర్లేదో తేలేది కూడా ఆ జవాబును బట్టే.

ఏడో వార్డు హాజరు ఎప్పుడూ నూటికి నూరు. కమిషనర్ గారు మీటింగులో మా వార్డును మెచ్చుకుంటారు కూడా. ఆవిడకు తెలియనిదేమిటంటే, మా వాళ్ళు గుమ్మంలో నిలబడి ‘లేడు’ అనరు. మనిషి ఊరెళ్ళినా ఉన్నాడనే అంటారు. బయటికి వెళ్ళేవాడు వెళ్ళొస్తాననే అనాలి, ఇంట్లో వాళ్ళు పొద్దున్నే ద్వారబంధం దగ్గర ‘లేడు’ అంటే మనిషికి కీడు. సముద్రం మీద బతికిన వాళ్ళం, ఇలాంటివి మాకు ఎక్కువ. పోయినవాళ్ళ పేరైనా పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు వెళ్ళి తీయిస్తాం గాని గుమ్మంతో చెప్పం. పోయిన నెల మా ఆయన ఎవరి పెళ్ళికో వంట చెయ్యడానికి వెళ్ళి నాలుగు రోజులు రాలేదు. రోజూ ఉన్నాడనే చెప్పాను. ఆ నాలుగు రోజుల అన్నం కూడా ఆ వడియాల్లో ఉంది.

ఏకాదశి

షాపు తీయగానే సింహాచలం వచ్చాడు. మా పక్కింటి గవరమ్మ మొగుడు. గట్టు సెక్షన్లో పని. సముద్రాన్ని ఆపే గట్టుకు అవతల తూముల దగ్గర నాచు, పాత వలలు, చెత్త పేరుకోకుండా తీయడం అతని ఉద్యోగం. వాళ్ళ సెక్షన్ చిన్న పడవ మోటారు కాలిపోతే నేనే విప్పి కొత్త తీగ చుట్టి పెట్టాను.

“అక్కా, గట్టిగా సుట్టావా? పున్నమి పోటు పెద్దదంట. ఇయ్యాల తూములు సుబ్బరం సెయ్యాపోతే నీళ్ళు ఊళ్ళోకి తన్నేత్తాయి.”

“నీ పడవ చెక్క విరగాలి గాని నా తీగ తెగదు, పో.”

“ఎల్లొత్తానక్కా,” అని మోటారు భుజాన వేసుకుని నవ్వుతూ వెళ్ళాడు.

మధ్యాహ్నం కౌన్సిల్. తొమ్మిదిమంది మెంబర్లం, కమిషనర్ జైబున్నీసాగారు, సెక్షన్ల ఇంజనీర్లు. కమిషనర్ని పైనుంచి పంపుతారు, మూడేళ్ళుంటారు. ఈవిడది కర్నూలు. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇక్కడ జాయినైన రోజేనట. చతుర్దశి సాయంత్రం గట్టు బయటి తలుపులు మూసేస్తామని, పోటు పూర్తిగా తగ్గేదాకా తెరవమని చెప్పారు. వార్డుల్లో వాళ్ళ సొంత పడవలన్నీ లోపలికి లాగించి గొలుసులు వేయించాం. గాలింపు పడవలు నాలుగూ లాకు దగ్గర సిద్ధంగా ఉంచారు. వాటిని మనుషులు నడపరు. వాటంతటవే వెళ్ళి, మనిషి ఒంటి వేడిని బట్టి వెతికి పట్టుకుని తీసుకొస్తాయి. ఊరు మొత్తానికి ఉన్నవి ఆ నాలుగే.

చేపల బజారు దీపం ఇంకా పగలే వెలుగుతోంది.

ద్వాదశి

సింహాచలం రాలేదు.

గవరమ్మ పొద్దున్న మా పెరటి గోడ దగ్గరికొచ్చి ఊరికే నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. ఏమే అంటే, “నిన్న పాటుకి నీళ్ళు తీసినప్పుడు ఎల్లాడు ఒదినా, పోటుకి రాలేదు. పడవ తిరగబెట్టడానికి వీలుకాక పాతూళ్ళో ఏ మేడ మీదో ఉండిపోయుంటాడు. వత్తాడులే,” అంది.

“గుమ్మానికి ఏం చెప్పావు?”

“ఏం సెప్తాను? ఉన్నారనే సెప్పాను.”

గట్టుకు అవతల ఫోన్లు పనిచెయ్యవు, వాటి స్తంభాలు నీళ్ళలోనే ఉన్నాయి. పాత ఊరు మడ అడవి వెనకాల ఉంటుంది, గట్టు ఎక్కి చూసినా కనబడదు. మునిగిపోయిన ఆ ఊళ్ళో మిగిలినవి కొన్ని మేడల పైకప్పులు, బస్టాండు స్లాబు. ఇప్పుడవి నీటికి పైనే ఉంటాయి. పున్నమి పోటుకు బస్టాండు స్లాబు కూడా మునుగుతుంది.

మా వీధి మగాళ్ళు గట్టు పొడుగునా నడుస్తూ మధ్యాహ్నం దాకా కేకలు వేశారు. జవాబు లేదు. గట్టు సెక్షన్లో అడిగితే, “గుమ్మం లెక్కలో ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా, పడవ వేరే తూము దగ్గర కట్టి ఇంటికొచ్చేసుంటాడు,” అన్నారు. ఇంట్లో లేడని నేనంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తెర మీద ఆ ఇంటి వివరం తీసి చూశారు. సింహాచలం, గవరమ్మ, సింహాచలం తల్లి సీతాలమ్మ. ముగ్గురూ హాజరు.

“నూకరత్నంగారూ, మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో పడవ కదలదు. ఆ ఇంట్లో వాళ్ళు చెప్పాలి.”

“మీరు కమిషనర్ కదండీ. మీటలు మీ చేతిలోనే ఉన్నాయి కదా.”

“నా చేతిలో లేవు. ఎవరి చేతిలోనూ ఉండకూడదనే ఈ నియమం పెట్టుకున్నారు. మీ ఊరివాళ్ళే పెట్టుకున్నారు.”

నిజమే. మా నాన్న చెప్పేవాడు, ఒకప్పుడు వీధికో కెమెరా ఉండేదట, ఎవరు ఎక్కడున్నారో యంత్రాలే చూసి చెప్పేవట, అది ఎంత దూరం వెళ్ళిందో కూడా చెప్పేవాడు. అందుకే గట్టు కట్టి ఊరు వేసినప్పుడు మనిషి లెక్క మనిషి నోటితోనే చెప్పాలి అని రాసుకున్నారు. మంచి మాటే. ఇవాళ ఆ మంచి మాట మీద నాకు ఒళ్ళు మండిపోతోంది.

పడవ చెక్క విరగాలి అన్నాను. ఆ మాట తిరిగి తిరిగి నా చెవిలోనే పడుతోంది. నా తీగే తెగిందేమో.

త్రయోదశి

ఇవాళ పొద్దున కూడా గవరమ్మ ఉన్నారనే చెప్పింది. గోడకు చెవి పెట్టి విన్నాను. “ఉన్నారు” అన్న ఆ గొంతు వింటే నాకు భయమేసింది, అందులో అసలు జీవం లేదు.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. సీతాలమ్మ మూలన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“గవరమ్మా, ఒక్క మాట. ఒక్కసారి లేడు అని చెప్పవే. పడవ వెళ్తుంది, తీసుకొస్తుంది. రేపు సాయంత్రం తలుపులు వేసేస్తారు.”

“ఆ మాట నన్ననమంటావా ఒదినా? నా నోటితో?”

“మాటే కదే.”

“మాటేనా?” అని నా వైపు తిరిగింది. “పెద్ద ఉప్పెన వచ్చినప్పుడు పడవలేసుకుని మనుషుల్ని రాసుకోడానికి వచ్చారు. మా అమ్మ గుమ్మంలో నిలబడింది. మీ ఆయన ఉన్నాడా అమ్మా అన్నారు. లేడు బాబూ అంది. అంతే. మా నాన్న రాలేదు. సచ్చేదాకా మా అమ్మ అదే తలుసుకుని ఏడిసింది. నేను అనకుండా ఉంటే వచ్చేవోడు, నేనే పంపేశాను అని. నేనూ అలా ఏడవాలా?”

ఏం చెప్పను. మీ నాన్న మీ అమ్మ అన్నందుకు పోలేదే అని చెప్పాలి. నోరు రాలేదు. ఎందుకంటే పెళ్ళి వంటకు వెళ్ళిన మొగుణ్ణి ఉన్నాడని నాలుగు రోజులు చెప్పినదాన్ని నేను.

సీతాలమ్మ వైపు తిరిగాను. “పెద్దమ్మా, నువ్వైనా…”

“కన్నదాన్ని,” అంది ఆమె గోడవైపు నుంచి తిరక్కుండానే. “నేనంటానా తల్లీ.”

పోనీ ఆ నియమాన్నే మార్పిద్దామని కౌన్సిల్‌ను అత్యవసరంగా పిలిపించాను. మెంబరు మాట మీద కూడా ఒక పడవను పంపవచ్చు అని ఒక్క వాక్యం చేర్చమన్నాను. అందరూ తలలూపారు. రెండో వార్డు త్రిమూర్తులుగారు లేచారు. పెద్దమనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

“అమ్మా, మీ బాధ నాకు తెలీదనుకోకండి. ఇదివరకు ఈ రూలు లేదు. అప్పుడు ఓ మెంబరు గారు తన అల్లుడి పడవ కనబడట్లేదని ఎవరో అంటే, నిజమో కాదో తెలీకుండా గాలింపు పడవల్ని ఉత్తరానికి పంపేశాడు. అల్లుడు అప్పటికి ఒడ్డున చుట్టాలింట్లో భోంచేస్తన్నాడు. ఆ పూటే మా వార్డు దగ్గర గట్టు తెగింది. మా ఆవిడ అటక మీద కూకుని ఫోన్లో నాతో మాటాడుతానే ఉంది. పడవలొస్తున్నాయా అంటది, వస్తున్నాయి అంటాను. ఎక్కడొస్తాయి?” చేతి రుమాలుతో ముఖం తుడుచుకున్నారు. “ఇంటివాళ్ళ మాట ఉండాలమ్మా. దాన్ని కదపకండి.”

చేతులెత్తమంటే నాతో కలిపి ముగ్గురే ఎత్తారు. త్రిమూర్తులుగారి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

బయటికి వస్తుంటే గోడ మీద వరద నియమాలు రాసిన బోర్డు కనబడింది. రోజూ కనబడేదే. ఒక వార్డులో సగానికి మించి ఇళ్ళు లేమని చెబితే గట్టు తెగినట్టు లెక్క. ఇంటి మాట కోసం ఆగకుండా నాలుగు పడవలూ ఆ వైపు వెళ్ళి గాలిస్తాయి.

దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. పోటు ముందు రోజు నాలుగు పడవల్నీ మేమే పట్టుకుపోతే, మిగతా ఎనిమిది వార్డుల్లో ఎక్కడైనా ఏదైనా అయితే? త్రిమూర్తులుగారి అటక నా కళ్ళ ముందు కనబడింది. అయినా ఇంటికొచ్చి, మా వార్డు యాభై ఇళ్ళలో సగానికి మించి లేమనాలని మా ఆయనతో చెప్పాను.

ఆయన వడియాలు తిరగేస్తున్నాడు. చేతిలో వడియం అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు.

“అంటే నేను లేనని నువ్వు గుమ్మంలో అంటావా?”

“అంటాను.”

“నా ఎదరే?”

“నీ ఎదురుగానే.”

“సరేలే,” అన్నాడు. “లేమంటే వాళ్ళు నీళ్ళూ బియ్యం ఆపేత్తారు గదా. అబద్ధమని తేలితే నీ మెంబరు పని కూడా పోద్ది.”

“పోతే పోనీ.”

“తిండికేం భయం లేదు. వడియాలున్నాయి.” ఆ మాటకు నవ్వాను. నవ్వు చివర్లో ఏడుపు వచ్చేసింది.

సాయంత్రం ఇంటింటికీ తిరిగాను. సంగతి చెప్పగానే చెంపలు వేసుకున్నవాళ్ళు చాలామంది. వీరలక్ష్మి నాకు తలుపే తియ్యలేదు, లోపల్నుంచే “నాకు సిన్న పిల్లలు ఒదినా” అంది. నేను ఒకటే చెప్పాను. ఆ కీడేదో గవరమ్మ ఒక్కదాని నెత్తిన పడుతుందని కదా దాని భయం, తలా కొంచెం పంచుకుందాం, అప్పుడు ఎవరికీ అంతగా తగలదు. ఈ లెక్క ఏ శాస్త్రంలోనూ ఉండదు, నాకు తెలుసు. మా వాళ్ళకు మాత్రం అర్థమైంది. ఒప్పుకుంటామని ఎవరూ అనలేదు. వీల్లేదని కూడా అనలేదు.

చతుర్దశి

తెల్లారింది. వీధిలో ప్రతి ఇంటి ముందూ మనుషులు నిలబడి ఉన్నారు. ఇంతకుముందెప్పుడూ మా వీధిలో అంత నిశ్శబ్దం లేదు.

మా వీధిలో గుమ్మాల వరుస మా ఇంటితో మొదలై, అబ్బులుగారి వైపు నుంచి చుట్టి, పక్కనున్న గవరమ్మ ఇంటితో ముగుస్తుంది. అడిగింది.

“ఈ ఇంట్లో అందరూ ఉన్నారా?”

మా ఆయన నా పక్కనే భుజానికి భుజం తగులుతూ నిలబడ్డాడు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మెంబరుని, షాపు నడిపేదాన్ని, ఇంజనీర్ల మీద అరిచేదాన్ని, ఒక్క మాట బయటికి రావడానికి నాకు ముచ్చెమటలు పట్టాయి.

“లేరు,” అన్నాను. “ఎవరూ లేరు.”

గుమ్మం తర్వాత ఏదో అడిగింది. ఏమడిగిందో నాకు వినబడలేదు. చెవుల్లో హోరు.

తర్వాతది అబ్బులుగారి ఇల్లు. ఆయనొక్కడే ఉంటాడు. మెట్ల మీద నిలబడి గొంతు సవరించుకుని, “నేను లేను,” అన్నారు.

“మాట్లాడుతున్నది ఎవరండీ?” అంది గుమ్మం.

“నేనే. నేను లేను. రాసుకో.”

ఇంకొకప్పుడైతే వీధంతా పగలబడి నవ్వేది. ఎవరూ నవ్వలేదు. మూడోది వీరలక్ష్మి ఇల్లు. చంటిదాన్ని చంకనేసుకుని గడప దగ్గరికొచ్చింది. మొగుడు వెనకాల నిలబడి కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం అడిగింది. ఆమె నోరు తెరిచింది.

“వద్దు వీరలక్ష్మీ!”

గవరమ్మ. జుట్టు విరబోసుకుని తన గడప మీద నిలబడి ఉంది.

“వద్దే. పిల్లలున్నదానివి. నీ మొగుడు మీద ఆ మాటెందుకే?” తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. “ఒదినా, నువ్వు అన్నయ్యని పక్కనెట్టుకుని ఎలా అన్నావు?”

ఆమె తన ద్వారబంధం వైపు తిరిగింది. పెట్టె దగ్గరికి నోరు తీసుకెళ్ళి, దానంతట అది అడిగేదాకా కూడా ఆగకుండా అనేసింది.

“లేడు. మా ఆయన ఇంట్లో లేడు.”

అని గడప మీదే కూలబడిపోయింది. నేను పరిగెత్తాను. అప్పుడు గుమ్మం మాట్లాడింది. ఈసారి నాకు స్పష్టంగా వినబడింది.

“ఎక్కడికి వెళ్ళారు?”

గవరమ్మ తలెత్తింది. “తూముల కాడికి. పాతూరి వైపు.”

“ఎప్పటికి వస్తానన్నారు?”

వీధిలో అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ ఊళ్ళో గుమ్మాలు బిగించినప్పటి నుంచి లేరన్న మాట ఏడో వార్డులో ఎవరూ అనలేదు. అందుకని దాని తర్వాత గుమ్మం ఏమడుగుతుందో మాలో ఒక్కరికీ తెలియదు. పోయినవాడి గురించి అడిగినట్టు అడగలేదది. వెళ్ళొస్తానన్న మనిషి గురించి అడిగినట్టే అడిగింది.

“ఏకాదశి సాయంత్రానికే వత్తానన్నాడు,” అంది గవరమ్మ. అప్పుడు ఏడ్చింది.

“రాసుకున్నాను. ఒక పడవ బయలుదేరింది.”

ఒక్క పడవ. మిగతా మూడూ లాకు దగ్గరే ఉన్నాయి. నేను మా అరుగు మీద కూర్చుండిపోయాను. మరో పాతిక ఇళ్ళు లేమని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేద్దామనుకున్నా మానలేకపోయాను.

అదే రోజు, సాయంత్రం

బయటి తలుపులు వేసే వేళ దగ్గరపడింది. వీధంతా గట్టు మీదే ఉన్నాం. కమిషనర్ గారు కూడా వచ్చారు. నీళ్ళు తూముల పైదాకా వచ్చేశాయి, మడ చెట్ల తలలు మాత్రం కనబడుతున్నాయి. గాలి హోరున వీస్తోంది. గట్టు ఇంజనీరు చేతి గడియారం చూసుకుంటున్నాడు, మమ్మల్ని చూస్తున్నాడు, మళ్ళీ గడియారం.

“ఇంకొంచెం,” అన్నారు కమిషనర్ గారు.

“నీళ్ళు మన కోసం ఆగవు మేడమ్.”

“నాకూ తెలుసు. ఇంకొంచెం.”

మోటారు చప్పుడు ముందు సీతాలమ్మ విన్నది. చెవుడని అందరం అనుకునే మనిషి. “అదిగో” అంది. మడ చెట్ల సందులోంచి గాలింపు పడవ వచ్చింది. అందులో మనిషి పడుకుని ఉన్నాడు. ఎవరమూ కదల్లేదు, గవరమ్మతో సహా. తలుపుల్లోంచి లోపలికి వస్తుండగా ఆ మనిషి ఒక చెయ్యి ఎత్తాడు.

కాలు విరిగింది. బస్టాండు స్లాబు మీద ఉన్నాడట. పొద్దుటి పోటుకే నీళ్ళు స్లాబు అంచుకు వచ్చాయట. మోటారు రెక్కకు పాత వల చుట్టుకుని ఆగిపోతే, దిగి తీయబోయి జారాడట. స్ట్రెచర్ మీద నన్ను చూసి, “అక్కా, నీ తీగ తెగలేదు,” అన్నాడు. నీ నోరు పడ, అని తిట్టి ఏడ్చాను.

మా వెనకాల తలుపులు మూసుకున్నాయి.

పున్నమి

పోటు వచ్చింది. గట్టు నిలబడింది. తూములు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి నిలబడిందని ఇంజనీరు చెప్పాడు. అంటే సింహాచలం పని పూర్తి చేశాకే పడ్డాడన్నమాట.

కమిషనర్ గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. మెంబరై ఉండి గుమ్మానికి అబద్ధం చెప్పినందుకు నా పదవి తీసేస్తున్నామని చెప్పారు. వారం రోజులు మాకూ అబ్బులుగారికీ నీళ్ళు, వంటశాల బియ్యం బంద్. మా ఆయన వేయించిన వడియాలు పళ్ళెంలో పెట్టాడు. తిన్నారు. “ఇవి దేంతో చేశారు?” అన్నారు.

“మీ నూటికి నూరు హాజరుతోనండి,” అన్నాడు మా ఆయన.

అప్పుడు ఆవిడకు మొత్తం చెప్పాను. “నాతో ఎవరూ ఎందుకు చెప్పలేదు?” అన్నారు. మీరు మెచ్చుకుంటుంటే బాగుండేదండీ అన్నాను. అదే నిజం.

నీళ్ళ కోసం బెంగ పడనవసరం లేకపోయింది. పొద్దుగూకేసరికి మా అరుగు మీద బిందెలు బారులు తీరి ఉన్నాయి. అబ్బులుగారి మెట్ల మీద కూడా బిందె ఉంది, పక్కనే కోడి.

విదియ

రేపు కొత్త చీటీ తీస్తారు. ఇది నా చివరి పేజీ. మీరెవరైనా సరే, చేపల బజారు దీపం సంగతి మర్చిపోకండి, ఇంకా బాగుపడలేదు.

ఇవాళ తెల్లారి గోడ అవతల గుమ్మం అడగడం విన్నాను. గవరమ్మ గొళ్ళెం తీసిన చప్పుడైంది. “లేడు. ఆసుపత్రిలో ఉన్నాడు. కట్టు విప్పాక వత్తాడు,” అంది. మాట తడబడలేదు. మిగతా గుమ్మాలకూ నిజం లెక్కే అందినట్టుంది, ఇవాళ వంటశాలలో అన్నం సరిగ్గా సరిపోయిందట. మా ఆయన గిన్నె అడుగు గీరి చూపించాడు.

తెల్లారి గవరమ్మ కంటే ముందే మా గుమ్మం కూడా అడిగింది. ఆయన చీకటితోనే వంటశాలకు చేపలు కొనడానికి వెళ్ళాడు. వెళ్ళొస్తాననే వెళ్ళాడు. అయినా ద్వారబంధం పట్టుకున్నాను.

“లేడు,” అన్నాను.

“ఎక్కడికి వెళ్ళారు?”

“చేపలకి.”

“ఎప్పటికి వస్తానన్నారు?”

“పొద్దెక్కేలోపల.”

“రాసుకున్నాను,” అంది గుమ్మం.

నిజమే చెప్పాను. షాపు తాళం చేతిలోనే ఉంది, పని బోలెడు ఉంది. వీధి మలుపులో ఆయన సంచి కనబడేదాకా మాత్రం నేను గడప మీదనుంచి కదల్లేదు.